వీసమెత్తు గీత

ప్రశ్నపత్రంలో (−2)⁴, దాని కిందే −2⁴. చూడ్డానికి కవలలు. ఒకటి 16, రెండోది −16. తేడా అంతా బ్రాకెట్టుదే. అది ఉంటే గీత కూడా రెండుతో పాటు నాలుగుసార్లూ గుణకారంలోకి దిగుతుంది. లేకపోతే గడప బయటే నిలబడి, లోపల పనంతా అయ్యాక వచ్చి జవాబు ముందు కూర్చుంటుంది. ఈ గీత దగ్గర నేను పోగొట్టుకున్న మార్కులు కూడితే, అదీ ఒక ఋణసంఖ్యే!

ఎంత చక్కటి మాటలు మనవి! ధనం, ఋణం. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో అప్పుకీ ఆస్తికీ లెక్కలు కట్టింది ఈ మాటలతోనే. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమన్నాడు. ఇక ఘాతాంకం కింద ఉండే సంఖ్యకు మనం పెట్టుకున్న పేరు భూమి. ఆ భూమి భుజాన చిన్న అంకెను కూర్చోబెట్టే పద్ధతి 1637 నాటి డెకార్ట్ జ్యామితి పుస్తకంతో స్థిరపడింది.

(−1)²⁰²⁵ ఎంత? రెండు వేల పైచిలుకు గుణకారాలు అక్కర్లేదు. చివరి 5ని చూస్తే చాలు: బేసి, జవాబు −1. పక్క ఏడాదికి వెళ్తే 1.

అసలు విడ్డూరం గీత పైకెక్కినప్పుడు. 2⁻³ చూడగానే చెయ్యి −8 రాసేస్తుంది. ఆగి, మెట్లు దిగాలి. 2³ అంటే 8. మెట్టుకి సగం చొప్పున 4, తర్వాత 2. ఇంకో మెట్టు దిగితే 2⁰, అక్కడ 1. సున్నా ఉంటుందనుకున్న చోట నిండుగా ఒకటి! ఇంకా దిగండి: అర, పావు, అరపావు. 2⁻³ అంటే ఆ అరపావే. దాని కింది మెట్టు వీసం. వీసమెత్తు బంగారం లేదని వాపోయిన మన అమ్మమ్మలు 2⁻⁴ని నోట్లోనే నానబెట్టుకున్నారన్నమాట. ఎంత దిగినా ఈ మెట్లు సున్నాను తాకవు, అప్పులోకి జారవు. రెండుకి బదులు పది పెట్టుకుని, ఒక మీటరు నుంచి మొదలుపెట్టి పది మెట్లు దిగితే, దాదాపు హైడ్రోజన్ పరమాణువు వెడల్పు దగ్గర నిలబడతాం.

మరి (−2)⁻³? పై గీత పంపకం, కింది గీత అప్పు. మూడు బేసి కాబట్టి ఆ అప్పు తీరదు. జవాబు, అరపావు బాకీ.