బలహీన అవయవముల పరిచర్య



మన వాకాడు తీరమునకు తుపాను క్రొత్త కాదు. ఒక తుపాను వెలిసిన పిమ్మట, బియ్యము పంచుటకు సంఘములో పేర్లు వ్రాసికొంటిమి. నడువలేని ఒక సహోదరుని పేరు నేను పుచ్చుకొనువారి పట్టీలో చేర్చితిని. అతడు, "అయ్యగారూ, లెక్క వ్రాయుటకు కాళ్లెందుకు?" అనెను. నేను సిగ్గుపడి పుస్తకము అతని చేతికిచ్చితిని. ఒక్క కిలో లెక్క తప్పలేదు.

మనము కనికరమని పిలుచునది ఒక్కొక్కప్పుడు గర్వమే. ఎల్లప్పుడు మనమే ఇచ్చి, ఇచ్చువాని సంతోషమును ఎదుటివానికి దక్కనియ్యము.

వేలూరు క్రైస్తవ వైద్యశాల డాక్టరు మేరీ వర్గీసును ఎరుగుదురా? 1954లో మోటారు ప్రమాదమున ఆమె నడుము క్రింది భాగము చచ్చుబడెను. అయినను చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. ఆమెను మంచముమీదనే ఓదార్చుచు కూర్చున్నయెడల ఆ చేతుల గతి ఏమి?

బలహీనముగా కనబడు భాగము లేక దేహము సాగదని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. 2016 నాటి మన దేశపు చట్టము 21 విధముల వైకల్యము గలవారికి హక్కులిచ్చెను. పరిచర్యలో పాలు మాత్రము సంఘమే ఇయ్యవలెను.

కాబట్టి ఈ ఆదివారము గుడి వెనుక కూర్చున్నవారి యొద్దకు వెళ్లి, "మాకు నీ సాయము కావలెను" అని అడుగుడి. పుచ్చుకొనుట మనమును నేర్చుకొందుము గాక. ఆమేన్.