ఏమీ చేయకపోవడమూ పాపమేనా?

ఒకడు చెరువు కట్టకు గండి కొడితే అతన్ని మనం నేరస్థుడంటాం. కాని అదే కట్టలో ఎలుకలు బొరియలు చేస్తున్నా, తుమ్మచెట్ల వేళ్లు మట్టిని వదులు చేస్తున్నా ఊరంతా చూస్తూ ఊరుకుంటే? చివరికి ఒక వాన రాత్రి కట్ట తెగితే నేరస్థుడెవరు? ఫలానా రోజున ఫలానా వ్యక్తి చేసిన తప్పు అని చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు. అందుకే నిర్లక్ష్యాన్ని మనం పాపాల్లో లెక్కించం. దైవ సన్నిధిలో కూడా లెక్క ఇలాగే ఉంటుందా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి ఈ ప్రశ్న దూరపు విషయం కాదు. ఇది వానల మీద ఆధారపడిన మెట్ట నేల. అందుకే పెద్దలు ఇక్కడ గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. తూము తెరవడానికి, మూయడానికి, కట్టను కనిపెట్టుకుని ఉండడానికి ఊళ్లో నీరటి ఉండేవాడు. అంటే చెరువు కట్టిన వారు దాని సంరక్షణకూ ఏర్పాటు చేశారన్నమాట. కాలక్రమంలో బోరుబావులు వచ్చాయి, చెరువు మీద ధ్యాస తగ్గింది, పూడిక పేరుకుపోయింది. చివరికి 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకోవలసి వచ్చింది.

2005 అక్టోబరు 29న, నాటి నల్లగొండ జిల్లాలోని వలిగొండ సమీపంలో, భారీ వర్షాలకు తెగిన చెరువు నీరు రైలు మార్గాన్ని కోసివేసింది. డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ బోగీలు వరదలో పడి వంద మందికి పైగా మరణించారు. వానను ఆపడం ఎవరి తరమూ కాదు. కాని చెరువు ఒకరి బాధ్యత, రైలు పట్టాలు మరొకరి బాధ్యత అనే హద్దులు నీటికి తెలియవు.

ఇలాంటి సందర్భాల్లో ‘అంతా విధిరాత’ అనేవారుంటారు. విధిని విశ్వసించడం మన ఈమాన్‌లో భాగమే, సందేహం లేదు. అయితే ఒంటెను కట్టకుండా దైవం మీద భారం వేయవచ్చా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సఅసం) ముందు దాన్ని కట్టి, ఆ తర్వాత దైవాన్ని నమ్ముకోమని బోధించారు. కాబట్టి తాడు ఊడిందని తెలిసి కూడా ఊరుకున్నవాడు విధి చాటున దాక్కోలేడు.

మరి బాధ్యత ఎవరిది? దైవప్రవక్త (సఅసం) ఒక ఓడ ఉపమానం చెప్పారు. కింది అంతస్తు వారు నీటి కోసం ఓడ అడుగున రంధ్రం చేయబోతే పై అంతస్తు వారు ఆపాలి. ఆపకపోతే అందరూ మునిగిపోతారు. ఇక్కడ పైవారు చేసిన తప్పు ఒక్కటే, ఊరుకోవడం. ఇరాక్‌లో ఒక కంచరగాడిద తొట్రుపడినా, దారి ఎందుకు చదును చేయించలేదని అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారన్నది ప్రసిద్ధ ఉల్లేఖనం.

ఇలాంటి జవాబుదారీ భావన మన దేశ చరిత్రలోనూ కనిపిస్తుంది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి రైలు ప్రమాదం జరిగింది. 112 మంది చనిపోయారు. ఆ వంతెన కట్టింది రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి కాదు. అయినా ఆయన నైతిక బాధ్యత వహించి రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత ఆయన పదవి నుంచి తప్పుకున్నారు.

ఈ విషయంలో మన ధర్మశాస్త్రం ఎంతో స్పష్టంగా ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం వక్ఫ్ ఆదాయంలో మొదటి హక్కు ఆ ఆస్తి మరమ్మతుదే. లబ్ధిదారులకు పంచడం ఆ తర్వాతనే. వక్ఫ్ చేసిన వ్యక్తి ఈ షరతు పెట్టకపోయినా నియమం ఇదే. ఎందుకంటే ఆస్తి నిలవకపోతే దాని మేలు కూడా నిలవదు. నేడు పంచుకుని తిని రేపటికి శిథిలం మిగల్చడం రాబోయే వారి హక్కును కాజేయడమే.

ఇప్పుడు మన మొహల్లాల వైపు చూద్దాం. సదఖయె జారియా అని బోరు వేయించడానికి ముందుకు వచ్చేవారు ఎందరో ఉన్నారు. ప్రారంభోత్సవం జరుగుతుంది, పేరు రాసిన పలక కూడా పెడతారు. రెండేళ్లకు మోటారు కాలిపోతే మాత్రం చందా ఇచ్చేవారు ఉండరు. మస్జిదుకు కొత్త మినారు కట్టడానికి వచ్చినంత డబ్బు కారుతున్న కప్పును బాగుచేయడానికి రాదు. జారియా అంటే కొనసాగేది. ఎండిపోయిన కుళాయి నుంచి ఏం కొనసాగుతుంది? దారిలోని ముల్లును తొలగించడాన్నీ విశ్వాసంలో భాగంగా బోధించిన ధర్మం మనది. ఆ ధర్మంలో తెగిన కరెంటు తీగను, మూతలేని మ్యాన్‌హోల్‌ను చూసి పక్కకు తప్పుకుని వెళ్లిపోవడానికి చోటెక్కడిది?

కనుక సోదర సోదరీమణులారా! ఈ నెలలోనే ఒక పని చేయండి. మీ మస్జిదు కమిటీ లెక్కల్లో మరమ్మతుల కోసం విడిగా కొంత సొమ్ము ఉందో లేదో అడగండి. లేకపోతే మొదటి చందా మీరే ఇవ్వండి. మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడిచి, కనిపించిన లోపాన్ని పంచాయతీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ఈ పనికి పలక మీద పేరు రాయరు. కాని అల్లాహ్ దగ్గర ఏ మేలూ లెక్క తప్పదు.

మనకు అప్పగించబడిన అమానతులను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.