తప్పెవరిది, దిద్దేదెవరు?

మా రాయచూరు జిల్లాలో పహణీలు కంప్యూటర్‌కెక్కిన రోజులవి. కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం కింద 2000 ప్రాంతంలో రాష్ట్రమంతటా సుమారు 2 కోట్ల పహణీలను కంప్యూటర్లలోకి ఎక్కించింది. ఆ హడావిడిలో మా నాన్న 4 ఎకరాల 20 గుంటలు కాస్తా 20 గుంటలయ్యాయి. పంట అప్పుకని పోతేగానీ సంగతి తెలియలేదు.

కచేరీలో “కంప్యూటర్ తప్పు” అన్నారు. టైపు చేసిన కుర్రాడు పాత కాగితంలో ఉన్నదే కొట్టానన్నాడు. ఆ కాగితం రాసిన పట్వారీ ఎప్పుడో కాలం చేశాడు. నేను నాలుగక్షరాలు చదివినవాణ్ణి కదా, “సర్వే నంబరు మొత్తానికీ వాటాల కూడికకూ తేడా వస్తే ఆపొద్దా? తప్పు ఆ ప్రోగ్రాం రాసినవాడిది” అని వాదించాను.

నాన్న విసుక్కున్నాడు. “తప్పు ఎవరిదైతే ఏందిరా? దిద్దేటోడెవడో అడుగు.”

అది పొలం పోతుందన్న భయంతో అన్న మాట అనుకున్నానప్పుడు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా వచ్చింది. బోర్డా, సాఫ్ట్‌వేర్ సంస్థా, సున్నా దిద్దిన అధ్యాపకురాలా అని వాదులాట సాగింది. విచారణ సంఘం వేశారు, అధ్యాపకురాలికి జరిమానా వేశారు. కానీ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

బ్రిటన్‌లో పోస్టాఫీసుల సాఫ్ట్‌వేర్ లేని లోటు చూపింది. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా పోస్టుమాస్టర్లు దొంగతనం, దొంగలెక్కల నేరాలు మోపబడి శిక్షలు పొందారు. 2024లో ప్రత్యేక చట్టం చేసిగానీ ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయలేకపోయారు. ప్రోగ్రాం రాసినవారిది పొరపాటే. కానీ “నేను తీయలేదు” అని మనిషి మొత్తుకుంటుంటే యంత్రాన్నే నమ్మి కోర్టుకీడ్చింది ప్రోగ్రాం కాదు, మనుషులు.

నాకు తోచేదిది. మొదటి తప్పులో వాటాలుంటాయి. రాసినవాడు, ఎక్కించినవాడు, సరిచూడనివాడు తలా కొంత పంచుకోవాలి. కానీ బాధితుడు ఎదుటికొచ్చి “ఇది తప్పు” అన్నాక వినకపోవడం రెండో తప్పు. దానికి వాటాల్లేవు. వినగలిగీ, దిద్దగలిగీ కుర్చీలో కూర్చున్నవాడిదే అది.

అయితే నాన్న మాట సగమే ఒప్పుకుంటాను. ఆయన పహణీ దిద్దడానికి రెండు పంటలు పట్టింది. దిద్దినవాడు అంతటితో సరిపెట్టాడు. అదే తప్పు ఇంకెన్ని పహణీల్లో ఉందో ఎవరూ చూడలేదు, మేమూ అడగలేదు. మన కాగితం మనకొచ్చాక తప్పెవరిదో అడగడం మానేస్తే, పక్కింటివాడి నష్టంలో మనకూ ఒక వాటా ఉన్నట్టే.