నాలుగు వేళ్ళ ఖాళీ

మావారు రిటైరైనప్పటి నుంచీ నాకొకటే పిచ్చి. పొద్దున్నే కిటికీ తీస్తే సముద్రం కనిపించాలి! ముప్ఫై ఏళ్ళుగా విశాఖపట్నంలోనే ఉంటున్నా, మా వంటింటి కిటికీలోంచి కనిపించేది ఎదురింటివాళ్ళ నీళ్ళ టాంకే.

అంచేత భీమిలి దాటాక ఒక పల్లెలో స్థలం ఉందనగానే నేనే ముందు బయల్దేరాను. "అలలు మీ గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటాయమ్మా" అన్నాడు అమ్మే ఆయన. నేను మురిసిపోయాను. మావారు మాత్రం, "ఇక్కడ ఇల్లు కట్టనిస్తారా?" అని అడిగారు.

"రూల్సుకేంలెండి సార్, ఉన్నాయి. అందరూ కట్టడం లేదూ? మీ ఒక్క ఇంటితో సముద్రం ఇంకిపోతుందా?"

నిజమే కదా అనిపించింది. ఆ పక్కనే ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తున్న ఒకామె తలెత్తి, "గోడ కట్టేస్తే మా తెప్పలెక్కడికి లాగుతామమ్మా? సేపలెక్కడ ఎండేసుకుంటాం?" అంది. నేను విననట్టే ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న వంటింట్లో అడుగుపెడితే గట్టంతా ఇడ్లీపిండి! మా కోడలు రాత్రి గిన్నె నిండా పోసి మూత పెట్టింది. "పిండి పొంగుతుందని తెలీదూ? నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి కదుటే!" అని కేకలేశాను. హాల్లో పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తకుండానే, "సముద్రానికీ అదే రూలు పెట్టారు" అన్నారు.

చీపురు పక్కన పెట్టి వెళ్ళి అడిగాను, ఆ రూలేమిటో చెప్పమని. 1986 నాటి పర్యావరణ చట్టం కింద 1991 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ఒక ప్రకటన చేసిందట. పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాల మీద అదుపు. పల్లెల్లో అయితే మొదటి 200 మీటర్లలో కొత్త ఇళ్ళు కూడదు. తరాలుగా తీరాన్నే నమ్ముకున్న బెస్తవాళ్ళ ఇళ్ళకి మాత్రం అందులో కొంత వీలుంచారు. 2019లో రూలు మార్చి, జనం కిక్కిరిసిన పల్లెల్లో ఆ 200 మీటర్లను 50కి తగ్గించారు. మిగతా పల్లెలకి 200 అలాగే ఉంది.

ఇంతకీ ఆ ఖాళీ ఎందుకూ అంటే, పొంగడానికే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మన బీచిరోడ్డు ఏ గతి పట్టిందో ఊరంతా చూశాం. ఇసుక దిబ్బలు అలల జోరుకి అడ్డం పడి, కరిగి, మళ్ళీ పేరుకుంటాయి. గోడకి ఆ విద్య రాదు.

ఆ ఖాళీకి మరో హక్కుదారు కూడా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేలు ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి పోతుంది. సుమారు ఏడెనిమిది వారాలకి బయటపడ్డ పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. చీకట్లో మెరిసేది సముద్రమే కనక దారి తప్పవు. కానీ నేను ముచ్చటపడి వరండాలో దీపం పెట్టుకున్నాననుకోండి, అవి మా గుమ్మానికొస్తాయి. తెల్లారేసరికి కాకుల పాలు.

ఒడ్డు సంగతి సరే, కంటికి కనబడని సముద్రం అడుగు మాటేమిటి? మరపడవలు లాగే ట్రాల్ వలలు ఆ అడుగునంతా గీరుకుంటూ పోతాయి. అందుకే మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపిస్తారు. పొదిగే కోడిని కదపకూడదని మన అమ్మమ్మలు చెప్పిన మాటే ఇది. రెండు నెలలు పడవ కదలకపోతే ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం ఎంత కష్టమో మనకి తెలియంది కాదు. అయినా చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆగుతున్నారు. పూట గడవడం కష్టమైనవాళ్ళు ఆగగా లేనిది, కిటికీ ముచ్చట కోసం నేను ఆగలేనా?

"అందరూ కడుతుంటే మనమే వెర్రివాళ్ళమా?" అని ఆఖరి అస్త్రం వేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. జవాబు నాకే తట్టింది. పక్కింటివాళ్ళ పిండి పొంగి పొర్లిపోయినంత మాత్రాన నా గిన్నెలో చోటు పెరగదు. "నేనొక్కదాన్నేగా" అని ప్రతివాళ్ళూ అనుకోబట్టే గదా ఆ గీతలు గీయవలసి వచ్చింది!

స్థలం వద్దని కబురు చేశాం. బాధ లేదంటే అబద్ధం. ఇప్పటికీ పొద్దున్నే కిటికీ తీస్తే ఆ నీళ్ళ టాంకే పలకరిస్తుంది.

ఆదివారాలు మాత్రం బస్సెక్కి ఆ పల్లెకే వెళ్ళి ఇసుకలో కూచుంటున్నాం. క్రితంసారి ఆ చేపలామె నన్ను గుర్తుపట్టి, "ఇల్లు కడతానన్నావు, ఏటైపోనాదమ్మా?" అని అడిగింది.

"నీ చేపలకి ఎండ తగలద్దూ?" అన్నాను.