‘ఖాళీ’ అన్నదెవరు?

మదనపల్లెలో మా పెద్దమ్మ పేరు వీధిలో చాలామందికి తెలియదు. ‘మొగుడిడిసిపెట్టినామె’ అంటే మాత్రం వెంటనే ఇల్లు చూపించేవారు. పుంగనూరులో పుట్టి పద్దెనిమిదేళ్లకు కాపురానికొచ్చింది. మూడేళ్లకే భర్త బెంగుళూరు వెళ్లి వేరే సంసారం పెట్టుకున్నాడు. ఆమె మాత్రం బాహుదా ఏటి పక్కనున్న ఆ ఇంట్లోనే ముప్పయ్యేళ్లు బతికింది. నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాలకు కండెలు చుట్టి పొట్ట పోసుకుంది. ఆ మాట నీకు బాధనిపించదా అని ఒకసారి అడిగాను. “ఇడిసిపెట్టి పోయినోడు వాడు. నేనేడికీ పోలేదు గదా పాపా, ఈడ్నే ఉండాను” అంది.

ఆ జవాబు నాకు మళ్లీ గుర్తుకొచ్చింది రాజమండ్రిలో, గోదావరి గట్టున. ఎదురుగా హేవలాక్ వంతెన. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి. మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1997లో ఆర్చి వంతెన వచ్చాక రైళ్లు ఆగిపోయాయి. అప్పట్నించీ అది ‘వదిలేసిన వంతెన’, ‘నిరుపయోగంగా పడివున్న వంతెన’. 2025 జూన్ 26న 94.44 కోట్ల రూపాయల ‘అఖండ గోదావరి’ పథకానికి శంకుస్థాపన జరిగింది. ఈ వంతెననీ, పుష్కర ఘాట్‌నీ పర్యాటక స్థలాలుగా తీర్చిదిద్దడం అందులో భాగం. 2027లో పుష్కరాలు కూడా వస్తున్నాయి.

వదిలేసింది రైల్వే. కానీ ఆ గట్టు ఎప్పుడైనా ఖాళీగా వుందా? నేను కూర్చున్న సాయంత్రం అక్కడ ఆరేసిన వలలున్నాయి, పడవలున్నాయి, పూలూ దీపాలూ అమ్ముకునే ఆడవాళ్లున్నారు. యజమాని వాడుకోవడం మానేసిన దాన్ని ‘ఖాళీ’ అంటున్నాం. అంటే వాడకం అన్న మాటకు యజమాని వాడకమనే అర్థమా? భర్త వెళ్లిపోయిన స్త్రీని అతను చేసిన పనితో పిలుస్తాం. ఆమె చేసిన పనికి మన భాషలో పేరే లేదు.

పరిశోధన కోసం నేను కుప్పంలో వున్న రోజుల్లో, మూడు భాషలు కలిసే ఆ వూళ్లో, ‘పోరంబోకు’ అనే మాట ఎక్కువగా వినేదాన్ని. శిస్తు లెక్కల్లోకి రాని భూమికి అది రెవెన్యూ వాళ్ల పేరు. వాగు, చెరువుగట్టు, శ్మశానం, పశువుల బయలు అన్నీ అందులోకే వస్తాయి. వూరందరికీ పనికొచ్చే నేల, సర్కారుకు శిస్తు కట్టదు కాబట్టి లెక్కకు బయట. అదే మాట ఇవాళ తిట్టు కూడా. లెక్కకు రాని నేల నుంచి పనికిమాలిన మనిషి దాకా ఆ మాట ఎంత సులువుగా నడిచి వచ్చిందో చూడండి.

నిజమే, వంతెనను తుక్కు కింద అమ్మేయడం కంటే నడకదారిగా మార్చడం ఎంతో మేలు. పైగా మన వూళ్లలో ఒక ఆడమనిషి ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా సాయంత్రం కూర్చునే చోటేది? శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో వచ్చిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో ఆ హక్కు కోసమే వాదించారు. నాకూ ఆ హక్కు కావాలి. కానీ ‘మంచి స్త్రీల’ భద్రత పేరుతో పేదల్ని వీధుల నుంచి తరమడాన్ని ఆ పుస్తకం వొప్పుకోదు. నేను కూర్చోడానికి బెంచీ వేయాలంటే పూలమ్మే ఆమె లేచిపోవాలా?

న్యూయార్కులో 1980లో ఆగిపోయిన సరుకు రైలుదారి మీద ‘హై లైన్’ పార్కు కట్టి 2009లో తెరిచారు. అక్కడ వాటంతటవే మొలిచిన గడ్డిపూల అందాన్నే కొత్త తోటకు నమూనాగా తీసుకున్నారు. చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశానికంటాయి. పక్కనే ప్రభుత్వ గృహాల్లో వున్న పేదలకు తాము న్యాయం చేయలేకపోయామని ఆ పార్కు వ్యవస్థాపకుల్లో ఒకరు 2017లో బహిరంగంగానే వొప్పుకున్నారు. అంత దూరం ఎందుకు? 2024 సెప్టెంబరులో హైదరాబాదులో మూసీ వొడ్డు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. వరదొచ్చే చోట ఇళ్లు వుండకూడదనే వాదనలో నిజముంది. అయితే నాలుగిళ్లలో పాచిపని చేసుకునే స్త్రీకి ఇల్లు మారడమంటే ఆ నాలుగిళ్లూ పోవడమే. ఆ నష్టం ఏ పట్టికలో రాస్తారు?

యాజమాన్యం వేరు, అక్కడ వుండటం వేరు అని మన చట్టాలకు తెలియనిదేం కాదు. వీధి వ్యాపారుల చట్టం, 2014, సర్వే పూర్తయ్యేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదంటుంది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం, ఇల్లు ఎవరి పేరున వున్నా అందులో నివసించే హక్కు భార్యకు ఇచ్చింది. కాబట్టి నదీతీరం బొమ్మ గీసే ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఇది ఎవరిది’ అని మాత్రమే కాదు, ‘ఇక్కడ ఎవరున్నారు’ అని కూడా. ఆ జాబితాలో కుటుంబ యజమాని పేరు కింద ఆడవాళ్లు మాయమైపోకూడదు.

ఇంత చెప్పే నేను ఆ ప్రశ్న అడగలేదు. 2014లో పెదనాన్న ఆ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్లతో మధ్యవర్తి అన్న మాట నేను చెవులారా విన్నాను: “ఇల్లు ఖాళీనే, ఒక ముసలామె ఉండాది, అంతే.” అప్పటికి ఆమెకు యాభై కూడా నిండలేదు. కాగితాలు చదివిపెట్టమని పెద్దమ్మ నన్నే పిలిచింది. చదివాను. “ఇల్లు ఆయన పేరునుంది పెద్దమ్మా, ఏం చేయలేం” అన్నాను. ఆ 2005 చట్టం గురించి అంతకుముందు ఏడాదే సెమినార్‌లో మాట్లాడి వచ్చిన దాన్ని. కథల్లోని స్త్రీకి వున్న హక్కు మా పెద్దమ్మకు వుందని నాకు తట్టనేలేదు.

ఆమె రెండు ట్రంకు పెట్టెలు, కండెల రాట్నం తీసుకుని అద్దె గదికి మారింది. మూడేళ్ల కింద పోయింది. నా సిద్ధాంత గ్రంథంలో, ఒంటరి స్త్రీల అధ్యాయంలో ఆమె ప్రస్తావన ఒక వాక్యం వుంది. దాంట్లో నేనూ ‘భర్త వదిలేసిన స్త్రీ’ అనే రాశాను. ఇప్పుడది పుస్తకంగా రాబోతోంది. ప్రూఫుల్లో ఆ మాట కొట్టేసి, ‘ముప్పయ్యేళ్లు ఆ ఇంట్లో వున్న స్త్రీ’ అని దిద్దాను.