నాన్-బోర్డర్ భోజనం

ఉస్మానియా అంటే చాలామందికి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనమే గుర్తొస్తుంది. ప్రతి పెద్ద యూనివర్సిటీకీ అలాంటి ఫోటో ఒకటుంటుంది. అందులో పడనిది హాస్టల్ గదిలో నేలమీద పరిచిన ఇంకో పరుపు.

నేను చదివిన యూనివర్సిటీ పేరు అనవసరం. ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో నా గదిలో ఒక సీనియర్ ఉండేవాడు. కోర్సు అయిపోయింది, గ్రూప్-2కి చదువుతున్నాడు, ఊరికి వెళ్లడానికి ముఖం చెల్లట్లేదు. ఇలాంటివాళ్లని నాన్-బోర్డర్లంటారు. రిజిస్టర్లో పేరుండదు, మెస్‌లో కంచం ఉంటుంది. ఆశ్రయం ఇచ్చానని నాకు లోలోపల గర్వం.

ఒకరోజు పక్కగది జూనియర్ అడిగాడు: "అన్నా, ఆయన తిన్నది నా బిల్లులో ఎందుకు పడాలి?"

మాది డివైడింగ్ మెస్. నెల ఖర్చంతా బోర్డర్లకి తలా ఇంత అని పంచుతారు. 200 మంది ఉన్నారనుకుంటే ఆ భోజనంలో నేను కట్టింది ఒక వంతు. మిగతా 199 వంతులు నేను అడగనైనా అడగనివాళ్లవి. ఆ కుర్రాడు ఆ నెల అప్పు చేసి బిల్లు కట్టాడని తర్వాత తెలిసింది.

ఒక్కొక్కరిమీద పడేది పైసలే కదా అనొచ్చు. కానీ ఇద్దరుండే ప్రతి గదిలో ఒక నాన్-బోర్డర్ తింటే బిల్లు ఒకటిన్నర రెట్లవుతుంది. అలాగని ఆయన్ని వెళ్లిపొమ్మనడం న్యాయమా? నాకిప్పటికీ అనిపించదు. ఆయన ఆకలీ నిజమే, ఈ కుర్రాడి అప్పూ నిజమే.

ఆయన భోజనం డబ్బులు నేనే కట్టి ఉండొచ్చు. సినిమాలు కాస్త తగ్గిస్తే సరిపోయేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, పక్కకు నెట్టేశాను. జూనియర్‌తో మాత్రం నవ్వుతూ అన్నాను: "సర్దుకుపోరా తమ్మీ."