ఆమె మళ్ళీ లేవాలని కోరేదెవరు?

ఇంగ్లీషు వ్యాకరణం మూడోస్థానంలో కూర్చోబెట్టిన 'ఆమె'ని మన వ్యాకరణం ప్రథమ పురుష అంటుంది. 'నేను'ని ఉత్తమ పురుష అంటుంది. (పురుషుడు లేకుండా వ్యాకరణం కూడా నడవదన్న సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.) మన స్త్రీల కథల్లో గొంతు 'ఆమె' నుంచి 'నేను'కి ఎలా మారుతూ వచ్చిందన్నది నా పరిశోధనలో ఒక అధ్యాయం. అందుకే 'థర్డ్ పర్సన్ షూటర్' అన్నమాట మొదటిసారి విన్నప్పుడు నాకు తుపాకీ కంటే ముందు వ్యాకరణమే తోచింది.

ఈ ఆటలు ఆడనివాళ్ళకోసం రెండు ముక్కలు చెప్పాలి. ఫస్ట్ పర్సన్ షూటర్‌లో తుపాకీ, దాన్ని పట్టుకున్న చేతులు తప్ప ఇంకేమీ కనిపించవు. చూసే కళ్ళు మనవే అన్నట్టు ఉంటుంది. థర్డ్ పర్సన్‌లో కెమెరా ఆ మనిషి వెనక, భుజానికి కాస్త పైన నిలబడుతుంది. మనం ఆ మనిషి వీపు చూస్తూ నడిపిస్తాం. నేను వేలు కదిపితే ఆమె పరిగెడుతుంది, నేను తడబడితే ఆమెకి దెబ్బ తగులుతుంది. అయినా ఆమె నేను కాదు. నవలలో ప్రథమ పురుషలో చెప్తూనే పాత్ర మనసులోకి దూరిపోయే కథనం ఉంటుందే, దానికి ఇది దగ్గర చుట్టం. ఒక్కటే తేడా, నవలలో ఆమె చేసే పనికి నేను బాధ్యురాలిని కాను.

రెండేళ్ళుగా నేను విడతలు విడతలుగా ఆడుతున్న ఆట పేరు 'రిటర్నల్'. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఉన్న హౌస్‌మార్క్ అనే స్టూడియో తయారుచేసింది. 2021 ఏప్రిల్ 30న ప్లేస్టేషన్ 5 మీద విడుదలైంది. కథ భవిష్యత్తులో ఎప్పుడో జరుగుతుంది. సెలీన్ వాసోస్ అంతరిక్షంలో దూరదూరాలు తిరిగే స్కౌట్. వద్దన్న ఆదేశాన్ని లెక్కచెయ్యకుండా ఒక సంకేతం వెంటపడి వెళ్ళి, ఆట్రోపోస్ అనే గ్రహం మీద ఓడతో సహా కూలిపోతుంది. గ్రీకు పురాణాల్లో ఆట్రోపోస్ ఆయుష్షు దారాన్ని కత్తిరించే దేవత. ఈ గ్రహం మీద మాత్రం దారం ఎంతకీ తెగదు. అక్కడి జంతువులో యంత్రాలో ఏవో ఒకటి సెలీన్‌ని చంపుతాయి. చచ్చిన మరుక్షణం కూలిన ఓడ పక్కన ఆమె మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. అడవి అదే, దారులు మాత్రం మారిపోయి ఉంటాయి. సంపాదించుకున్నవి చాలావరకు పోతాయి. నడుస్తుంటే దారిలో శవాలు కనిపిస్తాయి, అవి ఆమెవే. పక్కన రికార్డు చేసిపెట్టిన మాటలు దొరుకుతాయి, ఆ గొంతూ ఆమెదే. ఆ మాటలు ఎప్పుడు అన్నదో ఆమెకే గుర్తుండదు.

సినిమా కెమెరా స్త్రీని మగవాడి కళ్ళతో చూపిస్తుందని లారా మల్వే 1975లో రాసిన వ్యాసం స్త్రీవాద విమర్శ చదివినవాళ్ళకి కొత్తకాదు. 1996లో 'టూంబ్ రైడర్' ఆటలో లారా క్రాఫ్ట్ వచ్చినప్పుడు ఆ కెమెరా ఆమె వెనకే పరిగెత్తింది. (ఈ లారాకి ఆ లారా పేరు కాస్త మార్చి పెట్టారేమోనని నాకు అప్పుడప్పుడూ నవ్వొస్తుంది.) అంతకు పదేళ్ళ ముందు, 1986లో 'మెట్రాయిడ్' అనే ఆటలో కవచం వేసుకుని పోరాడే సేమస్ ఆడమనిషని చివర్లోగానీ తెలియనివ్వలేదు. గంటలోపు ఆట పూర్తిచేసినవాళ్ళకి బహుమతిగా ఆమెని బికినీలో చూపించారు. ఆమె అంత పోరాటం చేసింది, పతకం ఆడినవాడికి! తర్వాత 'మాస్ ఎఫెక్ట్' లాంటి ఆటల్లో కథానాయకుడు కావాలా నాయిక కావాలా ఎంచుకోమన్నారు. నాయికని ఎంచుకున్నది నూటికి 18 మందేనని 2011లో ఆ కంపెనీయే చెప్పింది.

'రిటర్నల్'లో ఆ ఎంపిక లేదు. సెలీన్ ఒక్కతే. నడివయసు మనిషి, అలసిన ముఖం, ఒంటినిండా కప్పిన వ్యోమగామి దుస్తులు. వెనక నుంచి చూసినా చూపు ఎక్కడా జారి ఆగడానికి ఆ ఆట తావివ్వదు. ఆమెకి గొంతునిచ్చిన జేన్ పెర్రీకి 2022లో బాఫ్టా అవార్డు వచ్చింది, ఆ గొంతులోని విసుగు, పొగరు, భయం వింటే ఎందుకొచ్చిందో తెలుస్తుంది. నేను దీన్ని ఆడటం మొదలుపెట్టింది ఆ ముఖం కోసమే. తెలుగు తెరమీద ఆ వయసు స్త్రీకి అమ్మ వేషమో అత్త వేషమో తప్ప మిగలదు కదా.

అయితే నేను మాట్లాడదలచుకున్నది చూపు గురించి కాదు. ఓర్పు గురించి.

ఒకరోజు రాత్రి మా అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ నా వెనక కూర్చుని చూస్తోంది. సెలీన్ మూడోసారో నాలుగోసారో పడిపోయింది. "ఎన్నిసార్లు చంపుతావే ఆవిడని?" అంది.

"నేనెక్కడ చంపానమ్మా, అవి చంపుతున్నాయి."

"లేపేది నువ్వే కదా!"

అమ్మ ఆ మాట మామూలుగా అనేసి తన పనిలో పడిపోయింది. నాకు మాత్రం ఆ పూటకి ఆట సాగలేదు.

బొమ్మకి నొప్పేమిటి అని ఎవరైనా అడగొచ్చు. సెలీన్‌కి నొప్పి లేదు, నిజమే. ఆమె మీద జరిగేదేదీ హింస కాదు. కానీ ఆమెని చూసి నేను దేన్ని మెచ్చుకుంటున్నానో అది నాలో జరుగుతున్న పనే, బొమ్మలో జరిగేది కాదు. నేను మెచ్చుకుంటున్నది ఆమె పడిలేచే గుణాన్ని. ఈ ఆట నిర్మాణమంతా దానిమీదే నిలబడింది. మొదట్లో ఐదు నిమిషాలకే పడిపోయే మనిషి, వందసార్లు పడ్డాక ఒక రాక్షసాకారాన్ని కూల్చేస్తే గుండె పొంగుతుంది. ఆ పొంగు అబద్ధమని నేననను. ఆడపిల్లకి ఓటమి నేర్పని, ఒక్క తప్పుకే తలుపులు మూసేసే ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం మనం. వందసార్లు ఓడిపోయే హక్కు నాకు ఈ ఆటలోనే దొరికింది. కానీ ఓడేది నేను, పడేది ఆమె.

'లవకుశ' సినిమా 1963లో వచ్చినప్పుడు మా అమ్మమ్మ వాళ్ళు ఊరినుంచి బండి కట్టించుకుని వెళ్ళి చూశారట. మళ్ళీ వెళ్ళారట. అంజలీదేవి ఏడుస్తుంటే హాలంతా ఏడ్చేదని అమ్మమ్మ ఎంతో తృప్తిగా చెప్పేది. ఆ తృప్తిని వెక్కిరించడం తేలిక. ఆ ఏడుపులో వాళ్ళు తమ సొంత అడవుల్ని కూడా ఏడ్చుకున్నారని నాకు తెలుసు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ కథలో సీత చివరికి ఏం చేసింది? లంకలో నిప్పుల్లో నడిచింది. తర్వాత, కడుపుతో ఉండగా అడవి పాలైంది. మళ్ళీ సభలో నిలబడి రుజువు చెయ్యమంటే ఆమె ఇంకో పరీక్షకి సిద్ధపడలేదు. భూమిని చీలమని అడిగి వెళ్ళిపోయింది. మన పురాణాల్లో ఇంకో ఆట ఆడనని తేల్చిచెప్పిన స్త్రీ ఆమె. మనం మాత్రం ఇంకో టికెట్టు కొని ఆమెని మళ్ళీ మొదటి నిప్పుల దగ్గరికి తీసుకొచ్చాం. పైగా ఓర్పుకి ఆమెనే ఉదాహరణగా చెప్పుకున్నాం!

సెలీన్‌కి భూమి కూడా చీలదు. ఆటలో నాకు అన్నిటికంటే భయం వేసింది మూడో పెద్ద పోరాటం తర్వాత. ఎవరో వచ్చి ఆమెని కాపాడతారు. ఆమె భూమికి చేరుతుంది, దశాబ్దాలు బతుకుతుంది, ముసలిదై చచ్చిపోతుంది, పాతిపెడతారు. అక్కడితో కథ ముగిసిందనుకుంటాం. తర్వాత అదే గ్రహం మీద మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. పూర్తి ఆయుష్షు బతికి పోయినా విడుదల లేదు. ఆ క్షణంలో కంట్రోలర్ నా చేతుల్లోనే ఉంది, నేను ముందుకే నడిపించాను. ఎందుకు? తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని.

ఇక ఆ ఇల్లు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఉండేలాంటి చిన్న ఇల్లొకటి ఆ గ్రహం అడవి నడుమ నిలబడి ఉంటుంది. తలుపు తెరుచుకుని లోపల అడుగుపెట్టగానే కెమెరా మారిపోతుంది. అప్పటిదాకా ఆమె వెనక ఉన్న చూపు ఆమె కళ్ళలోకి వెళ్తుంది. ప్రథమ పురుష ఉత్తమ పురుష అవుతుంది. చేతిలో తుపాకీ ఉండదు, కాల్చే వీలుండదు. పిల్లవాడి బొమ్మలు, టీవీ, ఫోన్, మెట్లు. కిటికీలోంచి చూస్తే బయట ఎవరో పాతకాలం వ్యోమగామి. మెల్లమెల్లగా తెలుస్తుంది, ఆమెకి హీలియోస్ అనే కొడుకు ఉన్నాడు (ఆమె ఓడ పేరూ అదే). రాత్రి రోడ్డు మీద కారు, వెనక సీట్లో పిల్లవాడు, ఎదురుగా వ్యోమగామి, కారు నీళ్ళలో. ఎవరి తప్పెంత అన్నది ఆట తేల్చిచెప్పదు. ఆ గ్రహమంతా ఆమె అపరాధభావమేనేమో అనిపిస్తుంది.

బయట తుపాకీతో ఉన్నప్పుడు 'ఆమె', ఇంట్లో ఒట్టి చేతులతో ఉన్నప్పుడు 'నేను'. ఎవరి ఆలోచనో గానీ చాలా తెలివైనది. నేను ఆ ఇంట్లో తిరుగుతున్నప్పుడు నా వీపు మీద ఎవరిదో చూపు ఆనుతున్నట్టు ఉండేది. అంతవరకూ అక్కడ నిలబడింది నేనే మరి.

ఇక్కడే నాకు ఆటతో పేచీ. 2013లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్' అనే ఆటలో జోయెల్ అనే తండ్రి కూతుర్ని పోగొట్టుకుంటాడు. అతనికి ఆట ఇచ్చింది దుఃఖం. ఆ దుఃఖం అతను చేసే చంపుళ్ళన్నిటికీ ఒక గౌరవం తెచ్చిపెడుతుంది. సెలీన్‌కి ఇచ్చింది అపరాధం. బిడ్డని పోగొట్టుకున్న తండ్రి లోకం మీద తిరగబడతాడు, తల్లి తన శవాలమీద తను నడుస్తుంది. ఆదేశాన్ని ధిక్కరించిన, ఆకాశం కావాలనుకున్న స్త్రీకి కథ దాచిపెట్టిన శిక్ష చివరికి ఉయ్యాల దగ్గరే దొరకాలా? ఆట దీన్ని సమర్థించలేదు, అపరాధభావం లోపలినుంచి ఎలా ఉంటుందో చూపించిందంతే అని వాదించొచ్చు. ఆ వాదనలో నిజం ఉంది. పిల్లాడికి జ్వరం వచ్చిన రోజున ఆఫీసులో కూర్చున్న ఏ తల్లినైనా అడగండి, ఆట్రోపోస్ ఎక్కడుందో చెప్తుంది. కానీ ఆ భావాన్ని చూపించడం వేరు, దానికి అంతులేకుండా చెయ్యడం వేరు. ఈ ఆటలో ఆమె తప్పుని క్షమించగలిగేవాళ్ళు లేరు. చూస్తున్న నేనున్నాను, నా చేతిలో ఉన్నది క్షమించే మీట కాదు.

ఇంకో ఓర్పు గురించి కూడా చెప్పాలి. అది ఆడేవాళ్ళది. విడుదలైనప్పుడు ఈ ఆటని మధ్యలో ఆపి దాచుకునే వీలు లేదు. కూలిన ఓడ దగ్గర్నుంచి ఒక దఫా గట్టిగా సాగితే రెండుమూడు గంటలు పడుతుంది. లేవాల్సివస్తే యంత్రాన్ని నిద్రలో పెట్టి వెళ్ళాలి, ఈలోగా కరెంటు పోయినా, యంత్రం తనంతట తాను అప్‌డేట్ అయినా మొత్తం పోయినట్టే. దీనిమీద పెద్ద వాదన నడిచింది. కష్టమే ఆట ఉద్దేశం, ఓపిక లేనివాళ్ళు ఆడొద్దు అన్నారు కొందరు. ఈ 'ఓపిక' అన్నమాట నాకు విచిత్రంగా అనిపించింది. మూడు గంటలు ఎవరూ పిలవకుండా కూర్చోగలగడం ఓపిక కాదు, అది ఇంకెవరో వంటగదిలో ఉండటం వల్ల దొరికే సౌకర్యం. సొంత గది గురించి మనం చాలా రాసుకున్నాం. తెంపులేని మూడు గంటల గురించి తక్కువ రాసుకున్నాం. గది ఉన్నవాళ్ళకి కూడా అవి ఉండవు.

2021 అక్టోబరులో ఆపుకునే వీలు ఇచ్చారు. దాన్ని కూడా ఎంత అనుమానంగా ఇచ్చారో చూడండి. ఆపిన చోటు ఒక్కసారికే పనికొస్తుంది. తిరిగి తెరవగానే అది చెరిగిపోతుంది. ఆడేవాళ్ళు మోసం చేస్తారని భయం కాబోలు. నేను మొదలుపెట్టింది ఆ తర్వాతే కాబట్టి బతికిపోయాను. కుక్కరు కూతకి, కొరియరు అబ్బాయికి, విద్యార్థిని ఫోనుకి ఆపుతూ ఆడాను. ఇలా ముక్కలు ముక్కలుగా ఆడితే ఆ ఉత్కంఠ పోతుందని ఒక స్నేహితుడు జాలిపడ్డాడు. నవలలు కూడా మేం అలాగే చదివాం, అన్నం వార్చుకుంటూ, అని చెప్పాను.

అసలు ముగింపు తెలియాలంటే మొదటి ముగింపు తర్వాత ఆమెని మళ్ళీ ఆ ఆరు ప్రాంతాల్లోకి పంపి, సూర్యముఖం ముక్కలు ఆరు ఏరించాలి. అప్పుడుగానీ ఆ కారు గురించి ఇంకొంచెం చెప్పదు. అంటే ఆమె గురించి తెలుసుకోవాలన్న నా ఆసక్తి ఎంత పెరిగితే ఆమె అన్నిసార్లు లేవాలి. పరిశోధకురాలిగా ఇది నాకు మరీ ఇబ్బందిగా ఉంది. గతించిన రచయిత్రుల ఉత్తరాలు వెతికే పని కూడా ఇలాంటిదే కదా అన్న అనుమానం పట్టుకుంది. వాళ్ళ బాధని ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని తెరిపించడం. అది ప్రేమతోనే చేస్తానని నాకు తెలుసు. అమ్మమ్మ కూడా ఆ టికెట్టు ప్రేమతోనే కొంది.

నాలుగు ముక్కలు దొరికాయి. రెండు మిగిలాయి. నెలయింది, సెలీన్ ఓడ పక్కన లేచి నిలబడి ఉంది, వాన పడుతోంది. ఆ కంట్రోలర్‌కి ఉన్న వింత ఏమిటంటే, ఆటలో వాన పడితే మన అరచేతుల్లో సన్నగా చినుకులు తగులుతాయి.